ఎల్లారెడ్డిలో ఇద్దరు
(‘రేవు నుంచి ఉక్కు దాకా’ ధారావాహిక – 19వ భాగం)

గత వారం 1966 నవంబరు 1 దగ్గర ఆగాం. ఉక్కు ఫ్యాక్టరీ కోసం అమృతరావు నిరాహారదీక్ష, విశాఖ వీధుల్లో పోలీసు కాల్పులు, రాష్ట్రమంతటా కలిపి 32 ప్రాణాలు. ఆ తడి ఆరకముందే, 1967 ఫిబ్రవరిలో, సాధారణ ఎన్నికలు వచ్చిపడ్డాయి. ఆ ఎన్నికల్లో విశాఖ ఏమందో వచ్చే వారం చూద్దాం. ఈ వారం మాత్రం మనం బండెక్కి అప్పటి నిజామాబాద్ జిల్లా ఎల్లారెడ్డికి పోవాలి.

ఎస్సీలకు కేటాయించిన ఆ నియోజకవర్గంలో అప్పటి ఎమ్మెల్యే టి.ఎన్. సదాలక్ష్మి. కాంగ్రెస్ మళ్లీ ఆమెకే టికెట్టిచ్చింది. ఎదురు నిలబడింది రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి జెట్టి ఈశ్వరీబాయి. ఇద్దరూ దళిత స్త్రీలు. ఇద్దరూ సికింద్రాబాద్ వాళ్లు. ఈశ్వరీబాయి గెలిచింది.

విశాఖ చరిత్ర చెబుతూ మధ్యలో ఎల్లారెడ్డి ఊసెందుకని అడిగేవాళ్లు ఉంటారు. అడగాల్సిందే. రెండు కారణాలున్నాయి. ఒకటి విశాఖ రెల్లి వీధిలో దొరుకుతుంది, రెండోది పాయకరావుపేటలో.

రెల్లి వీధితో మొదలెడదాం. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే నౌక విశాఖ కొత్త రేవులోకి వచ్చింది. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని సముద్రం దాటించడానికి బెంగాల్ నాగపూర్ రైల్వే తవ్వించిన రేవది. రేవు వచ్చాక ఊరు పెరిగింది. ఊరు పెరిగితే ఊడ్చేవాళ్లు కావాలి. ఆ పని ఎక్కువగా రెల్లి కులం నెత్తిన పడింది. తెల్లవారకముందే వీధులు ఊడ్చి, మరుగుదొడ్లు శుభ్రం చేసి, పొద్దెక్కాక నెత్తిన పళ్ల తట్ట పెట్టుకుని అమ్ముకోవడం రెల్లి ఆడవాళ్ల దినచర్య. పూర్ణా మార్కెట్ వైపు పొద్దున్నే వెళితే ఆ రెండో సగం ఇప్పటికీ కనబడుతుంది. చుట్టకుదురు మీద తట్ట, తట్టలో సపోటాలో సీతాఫలాలో, చెంగున ముడేసిన చిల్లర. మొదటి సగం చూడాలంటే మాత్రం మనం ఇంకా ముందే లేవాలి.

1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం షెడ్యూల్డ్ కులాలను ఎ, బి, సి, డి అని నాలుగు గుంపులు చేసినప్పుడు, అందరికంటే వెనక మిగిలిన 12 కులాలను ‘ఎ’లో పెట్టింది. రెల్లి అందులోనే ఉంది. అదే జాబితాలో మరో పేరుంది: మెహతర్. ఉత్తరాంధ్రలో రెల్లివాళ్లు చేసే పనే నిజాం రాజ్యంలో, సికింద్రాబాద్ కంటోన్మెంటులో మెహతర్లు చేసేవాళ్లు. వేర్వేరు ఊళ్లు, వేర్వేరు ఇంటి భాషలు, ఒకటే చీపురు. ఆ మెహతర్ కుటుంబంలో, బొల్లారం దగ్గరి పెన్షన్‌పురాలో, 1928 డిసెంబరు 25న పుట్టింది సదాలక్ష్మి.

ఆ వాడలో ఆడపిల్లను బడికి పంపడమే ఒక సాహసం. సదాలక్ష్మి ఆ గడప దాటింది. ఆర్యసమాజీకుడు, విద్యావేత్త టి.వి. నారాయణను పెళ్లాడింది. ఆయనది మాల కుటుంబం. ఎస్సీల్లోనే కులం దాటి చేసుకున్న ఆ పెళ్లిని మామూలు ముచ్చటగా తీసేయకండి. ఆమె చివరి పదేళ్ల రాజకీయం అర్థం కావాలంటే ఇది గుర్తుండాలి. 1957లో పెద్దపల్లి నుంచి శాసనసభకు వచ్చింది. 1960లో డిప్యూటీ స్పీకర్ అయింది. 1962లో ఎల్లారెడ్డి నుంచి గెలిచాక నీలం సంజీవరెడ్డి మంత్రివర్గంలో చేరింది. ఇచ్చిన శాఖ ఏమిటనుకున్నారు? దేవాదాయం.

మద్రాసు రాష్ట్రంలో దళితులకు గుడి తలుపులు తెరిచే చట్టం వచ్చింది 1947లో. పదిహేనేళ్లు తిరిగేసరికి, ఏ కులాన్ని గుడి మెట్ల దగ్గరే ఆపేవాళ్లో ఆ కులం ఆడపడుచు బల్ల మీదికి గుళ్ల ఫైళ్లు రావడం మొదలైంది. మన సింహాచలం అప్పన్న గుడి కూడా ఆ శాఖ కనుసన్నల్లోదే. ఆమెకు ఆ శాఖ ఇచ్చినవాళ్ల మనసులో సంస్కరణ ఉందో, పెద్ద ఖర్చూ పెద్ద అధికారమూ లేని శాఖ ఇచ్చి సరిపెడదామన్న లెక్క ఉందో నేను తేల్చలేను. రెండూ ఉండవచ్చు. ఏదైనా, ఆమె డిప్యూటీ స్పీకర్ కుర్చీలో ఉన్న 1961లోనే దేశంలో జనాభా లెక్కలు తీశారు. ఎస్సీ స్త్రీలలో చదువొచ్చినవాళ్లు 3.29 శాతం. నూటికి నలుగురు కూడా లేరు. సభను అదుపులో పెట్టే కుర్చీలో కూర్చున్న స్త్రీ అలాంటి జనంలోంచి వచ్చింది.

ఇక ఈశ్వరీబాయి. సదాలక్ష్మి కంటే పదేళ్లు పెద్ద. 1918 డిసెంబరు 1న చిలకలగూడలో పుట్టింది. మాల కుటుంబం, తండ్రి నిజాం రైల్వే ఉద్యోగి. రైల్వే జీతం అనగానే అదేదో కలిమి అనుకోవద్దు. కానీ నెలనెలా వచ్చే జీతం, ఊరి దొర దయ మీద ఆధారపడని జీతం. సికింద్రాబాద్ దళితుల్లో తొలి తరం చదువులకు రైల్వే, మిల్లులు, కంటోన్మెంటు చేసిన మేలు ఇంతా అంతా కాదు. విశాఖలో రేవూ రైల్వే చేసిన మేలు కూడా ఇదే. దొర కంచం దగ్గర కాకుండా టైం ఆఫీసు కిటికీ దగ్గర కూలి తీసుకునే తండ్రికి పుట్టిన పిల్లలు బడి ముఖం చూశారు.

ఇంకో సంగతి. హైదరాబాద్‌లో అప్పటికే భాగ్యరెడ్డి వర్మ నేల దున్ని ఉంచాడు. 1910లో ఈసామియా బజార్‌లో చిన్న బడితో మొదలుపెట్టి, ఆది హిందువుల పిల్లల కోసం 26 బడుల దాకా నడిపిన మనిషి ఆయన. తెలుగు జిల్లాల్లో దళితులకు ‘ఆది ఆంధ్ర’ పేరు నిలబడడానికి కారణమైన 1917 నాటి బెజవాడ సభకు అధ్యక్షుడు కూడా ఆయనే. ఈశ్వరీబాయి పెరిగింది ఆ గాలిలో. ఎస్పీజీ మిషన్ బడి, ఆ తర్వాత కీస్ హైస్కూల్. పదమూడేళ్లకే పెళ్లి. భర్త జెట్టి లక్ష్మీనారాయణ పూణెలో దంతవైద్యుడు. కొంతకాలానికి కూతురు గీతను వెంటబెట్టుకుని ఆమె చిలకలగూడకే తిరిగొచ్చింది.

బతకాలి. చేతిలో ఉన్నది చదువొక్కటే. సికింద్రాబాద్ పరోపకారిణి బడిలో టీచరుగా చేరింది. సాయంత్రాలు కలిగినవాళ్ల ఇళ్లకు వెళ్లి ఆడపిల్లలకు పాఠాలు చెప్పేది. ఉర్దూ, హిందీ, మరాఠీ, ఇంగ్లిషు, తెలుగు, అయిదు భాషల్లో మాట్లాడగలిగేది. తన వాడలో పేద ఆడవాళ్లకు కుట్టుపని నేర్పింది. ఈ పనులను విడివిడిగా చూస్తే ఏదో సంఘసేవలా ఉంటుంది. కలిపి చూస్తే అది ఓటర్ల జాబితా తయారు చేసుకోవడమే. ఏ ఇంట్లో ఎవరికి రేషను రాలేదో, ఏ పిల్ల ఎన్నో తరగతిలో మానేసిందో, ఏ మొగుడు జీతం సారా దుకాణంలో ఇచ్చి వస్తున్నాడో టీచరమ్మకు తెలిసినంతగా ఏ పార్టీ కార్యకర్తకూ తెలియదు. 1951 ప్రాంతంలో చిలకలగూడ నుంచి మునిసిపల్ కౌన్సిలరుగా ఏ పార్టీ జెండా లేకుండా నిలబడితే జనం గెలిపించారు. ఆ తర్వాత అంబేడ్కర్ బాటలో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్, రిపబ్లికన్ పార్టీ.

ఇద్దరి దారులూ ఇక్కడే చీలాయి. సదాలక్ష్మి అధికారపక్షంలోకి వెళ్లి లోపల్నుంచి పని చేయించుకోవాలనుకుంది. ఈశ్వరీబాయి బయట నిలబడి అడగాలనుకుంది. నన్నడిగితే ఆ రోజుల్లో మొదటి దారే కష్టం. మంత్రి కుర్చీలో కూర్చుంటే పార్టీ చెప్పిన దానికి తల ఊపాలి, తల ఊపితే సొంత వాడ తిడుతుంది. అయితే 1967లో ఎల్లారెడ్డి ఓటరు ఈ తత్త్వమంతా తూచి ఓటేశాడని చెప్పలేం. ఆ ఏడు దేశంలో చాలాచోట్ల కాంగ్రెస్ మీద గాలి మారింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. రిజర్వుడు సీటులో నిలబడేది దళితులే కానీ, ఓటు అందరిదీ. 1932 పూనా ఒడంబడిక తెచ్చిన ఏర్పాటిది. కేటాయించే సీట్లు పెరిగాయి, విడి ఓటర్ల జాబితా మాత్రం పోయింది. ఇద్దరు దళిత స్త్రీలు తలపడిన ఆ పోటీలో తుది తీర్పు రాసింది వాళ్ల వాడ ఒక్కటే కాదు. పటేళ్లూ పట్వారీలూ, వాళ్ల మాట దాటని రైతులూ, అందరూ కలిసి రాసిన తీర్పు. దళిత నాయకురాలు నెగ్గాలంటే మరో దళిత నాయకురాలిని ఓడించాలి, ఓడించడానికి పరాయి వాడ ఓటు అడగాలి. ఈ మెలిక అర్థం కాకుండా ఆ తర్వాతి అరవై ఏళ్ల దళిత రాజకీయం అర్థం కాదు.

సభలో అడుగుపెట్టిన ఏడాదికే ఈశ్వరీబాయికి పరీక్ష వచ్చింది. 1968 ఫిబ్రవరిలో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత కుర్రాడి మీద దొంగతనం నేరం మోపి, కట్టేసి, సజీవంగా తగలబెట్టారు. దాని మీద ఊరూవాడా అట్టుడుకుతుంటే, మంత్రి తిమ్మారెడ్డి హరిజనులను తన్నడం గురించి నోరు జారాడన్న వార్త పాకింది. ఈశ్వరీబాయి నిండు సభలో లేచి కాలి చెప్పు తీసి చూపించింది. చూపించి ఊరుకోలేదు, మంత్రి మాట మీద సంజాయిషీ కోసం పట్టుబట్టింది. సభా మర్యాద తప్పిందని నొచ్చుకున్నవాళ్లు నొచ్చుకున్నారు. ఒక కుర్రాడిని తగలబెట్టినందుకు అంత నొచ్చుకోని మర్యాద అది. ఆ సంఘటన గురించి ఇప్పటికీ పాత తరం మాట్లాడుకుంటుంది. అదే ఆమె జీవితం మొత్తమైనట్టు మాట్లాడడమే నాకు నచ్చదు. చెప్పు ఎత్తింది ఒక్క రోజు. పాఠం చెప్పింది ఏళ్ల తరబడి.

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రేగినప్పుడు విచిత్రంగా ఇద్దరూ ఒకే వైపు తేలారు. ఎల్లారెడ్డిలో కొట్లాడుకున్నవాళ్లు తెలంగాణ ప్రజా సమితిలో కలిశారు. 1971లో సమితి నాయకుడు చెన్నారెడ్డి ఆ పార్టీని కాంగ్రెస్‌లో కలిపేస్తే ఈశ్వరీబాయి వెంట వెళ్లలేదు. సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితి పేరుతో 1972లో మళ్లీ ఎల్లారెడ్డి నుంచే నిలబడి నంది ఎల్లయ్యను ఓడించింది. ఆ తర్వాత మహిళా శిశు సంక్షేమ సంస్థకు అధ్యక్షురాలైంది. ఆడపిల్లలకు చదువు ఉచితంగా అందాలన్నది అక్కడ ఆమె పట్టుదల. 1991 ఫిబ్రవరిలో కన్నుమూసింది. అప్పటికి కూతురు గీతారెడ్డి డాక్టరై, 1989లో గజ్వేల్ నుంచి శాసనసభకు వచ్చింది. గజ్వేల్ కూడా అప్పట్లో ఎస్సీ సీటే.

సదాలక్ష్మి మిగతా కథ మనల్ని తిరిగి రెల్లి వీధికి తీసుకొస్తుంది. 1980ల్లో అరుంధతీయ మహాసభకు ఆమె పెద్దదిక్కు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలయ్యాక, అరవై అయిదు దాటిన వయసులో, ఆ కుర్రవాళ్లతో కలిసి ఊరూరా తిరిగింది. వాళ్లడిగింది ఇదీ: ఎస్సీ కోటా పేరుకు అందరిదీ, తినేది కొందరు, దాన్ని కులాల వారీగా పంచండి. మాల ఇంటి కోడలు ఆ మాట అనడం ఎంత కష్టమో ఊహించుకోండి. ఆమె అనడమే కాదు, అందుకు వేదికలెక్కింది.

పంచితే మాదిగలకు వస్తుందన్నది అందరూ చెప్పుకునే మాట. వర్గీకరణలో అసలు చిన్న వాటాల్లో ఒకటి, ఒక్క శాతం, ‘ఎ’ గుంపుది. అంటే విశాఖ రెల్లివాళ్లది, సికింద్రాబాద్ మెహతర్లది. వంద ఉద్యోగాల్లో ఒకటి. కానీ అంతకుముందు అక్కడ ఉన్నది సున్నా పక్కనే ఉండే అంకె. డిగ్రీ చేసిన రెల్లి పిల్ల వేరే గుంపు పిల్లతో పోటీ పడకుండా తన గుంపు పిల్లతోనే పోటీ పడే అవకాశం అప్పుడు మొదటిసారి వచ్చింది. ఆ ఒక్క శాతం మీద విశాఖలో పెద్ద ఊరేగింపులు లేవు, పెద్ద వ్యాసాలూ లేవు. ఉక్కు మీద రాసినదాంట్లో నూరో వంతు కూడా రాయలేదు మనం.

2004 జూలై 24న సదాలక్ష్మి పోయింది. ఆ నవంబరులోనే చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లదని కొట్టేసింది. ఆ తీర్పు ఆమె వినలేదు. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, వర్గీకరించే అధికారం రాష్ట్రాలకు ఉందని ఆ పాత తీర్పును తిరగరాసింది. ఆంధ్రప్రదేశ్ 2025లో మళ్లీ పంపకం చేసింది. రెల్లి, దాని తోటి 11 కులాలకు మళ్లీ ఆ ఒక్క శాతమే. ఈ ఇరవై ఏళ్లలో డిగ్రీలు పట్టుకుని వయసు దాటిపోయిన రెల్లి పిల్లల లెక్క ఎవరూ తీయలేదు.

సదాలక్ష్మి బతుకు మొత్తం పుస్తకంగా వచ్చింది 2011లో. గోగు శ్యామల ఎంతోమందిని కలిసి, విని, రాసిన ‘నేనే బలాన్ని’. అప్పటిదాకా డిప్యూటీ స్పీకర్ల జాబితాలో ఒక పేరు, మంత్రుల జాబితాలో ఒక పేరు, అంతే.

ఇక రెండో కారణానికి వద్దాం. దానికి 1942 జూలై 20న నాగపూర్‌లో జరిగిన ఒక సభ గుర్తు చేసుకోవాలి. అంబేడ్కర్ సమక్షంలో, సులోచనాబాయి డోంగ్రే అధ్యక్షతన, 20 వేలకు పైగా దళిత స్త్రీలు చేరిన సభ అది. విడాకుల హక్కు, ఒక మగాడికి ఒకే భార్య, మిల్లు కార్మికురాళ్లకు సెలవులు, చట్టసభల్లో తమకు సీట్లు. వీటితో పాటు ఆడపిల్లలకు ప్రభుత్వ ఖర్చుతో హాస్టళ్లు కావాలని తీర్మానించారు. అన్ని తీర్మానాల్లో చప్పగా కనిపించేది హాస్టలే. ఎక్కువ దూరం నడిపించింది కూడా అదే. ఊళ్లో ఏడో తరగతి దాటిన పిల్లను పక్క ఊరి హైస్కూలుకు పంపాలంటే దారి ఖర్చు ఒక భయం, దారిలో మగపిల్లలు ఇంకో భయం, ఇంట్లో చిన్నపిల్లల్ని ఎవరు చూస్తారన్నది మూడో భయం. సాంఘిక సంక్షేమ హాస్టల్ ఈ మూడింటినీ ఒకేసారి తీసేసింది. అన్నంలో పురుగులున్నా, ముప్పై మందికి రెండు పంపులున్నా, పదో తరగతి దాకా పిల్ల చదివింది. ఆ తర్వాత టీచర్ ట్రైనింగ్. ఆ తర్వాత డీఎస్సీ.

ఆ వరస ఎక్కడ తేలిందో మన జిల్లా చూస్తే తెలుస్తుంది. పాడేరు నుంచి 2014లో గెలిచిన గిడ్డి ఈశ్వరి అంతకుముందు టీచరు. 2019లో అరకు ఎంపీ అయిన గొడ్డేటి మాధవి వ్యాయామ ఉపాధ్యాయురాలు. వాళ్లిద్దరివీ ఎస్టీ సీట్లు. తాండవ ఒడ్డున, తునికి ఎదురుగా ఉన్న పాయకరావుపేట ఎస్సీ సీటు. మొన్నటిదాకా విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. అక్కడ 2014లో గెలిచిన వంగలపూడి అనిత ప్రభుత్వ ఉపాధ్యాయురాలి ఉద్యోగం వదిలి వచ్చారు. పరోపకారిణి బడి నుంచి చిలకలగూడ వార్డుకు ఈశ్వరీబాయి వేసిన దారే ఇది. నడిచినవాళ్లకు ఆమె పేరు తెలిసి ఉండనక్కర్లేదు.

2019లో అనితను ఆమె పార్టీ పాయకరావుపేట నుంచి గోదావరి ఒడ్డున ఉన్న కొవ్వూరుకు పంపింది. అక్కడ ఎదురుగా తానేటి వనిత. ఇద్దరూ దళిత స్త్రీలే. వనిత గెలిచారు, అనిత ఓడారు. పార్టీల పేర్లు మార్చి, యాభై రెండేళ్లు వెనక్కి జరిపితే అది ఎల్లారెడ్డే.

ఆ ఏడాది రాష్ట్ర హోం మంత్రి అయింది ప్రత్తిపాడు నుంచి గెలిచిన మేకతోటి సుచరిత. 2022లో ఆమె స్థానంలో తానేటి వనిత వచ్చారు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది, పాయకరావుపేట నుంచి తిరిగి గెలిచిన అనిత హోం మంత్రి అయ్యారు. పోలీసు శాఖ మీద వరుసగా ముగ్గురు దళిత స్త్రీలు, రెండు వేర్వేరు పార్టీల ప్రభుత్వాల్లో. సదాలక్ష్మికి దేవాదాయం ఇచ్చిన రోజు ఎవరైనా ఈ మాట చెబితే నవ్వేవాళ్లు. మరి హోం శాఖ చేతికొచ్చాక కోటేశు లాంటి కేసుల్లో స్టేషన్ గడప దగ్గర దళితుల మాట నిలబడుతోందా అన్నది వేరే లెక్క. ఆ లెక్క ముగ్గురి పేరా విడివిడిగా వేయాలి, పార్టీ అభిమానం పక్కన పెట్టి వేయాలి.

ఇంతకీ ఈ ముగ్గురూ గెలిచినవీ, ఓడినవీ అన్నీ ఎస్సీ సీట్లే. వీళ్లను జనరల్ సీటులో నిలబెట్టే ధైర్యం ఇప్పటిదాకా రెండు పార్టీల్లో దేనికీ రాలేదు.

(వచ్చే వారం: కాల్పుల తర్వాత నాలుగో నెలలో విశాఖ వేసిన ఓటు)